పేరు అడగని కాపలా

రేపల్లె పాసింజరు తెనాలి స్టేషన్‌లోంచి ఇంకా కదలలేదు. కిటికీ పక్కన కూర్చున్న ప్రోగ్రామర్ కృష్ణతేజకి మెడ మీద ఏదో కుట్టినట్టయింది. తడుముకునేలోపే తల వాలిపోయింది.

విషపు సూది.

మధ్యాహ్నానికి తెనాలి సేఫ్ హౌస్‌లో చీఫ్ జగన్నాథరావు ఏజెంట్ జయంత్‌కి బ్రీఫింగ్ ఇచ్చాడు. అది 2008 ఆగస్టు.

"రేపల్లె కంట్రోల్ రూం నుంచి పెట్రోల్ బోట్లకి వెళ్ళే ఆర్డర్లన్నీ ఒక సాఫ్ట్‌వేర్ మీద నడుస్తాయి. అది రాసిన లాంగ్వేజ్‌లో సెక్యూర్ కనెక్షన్ లైబ్రరీ ఉంది, రెండు కంప్యూటర్లు గుట్టుగా మాట్లాడుకోడానికి వాడే కోడ్. దాన్లో బగ్, అంటే లోపం."

"ఏంటి సార్ ఆ బగ్?"

"అవతలి కంప్యూటర్ గుర్తింపు కార్డులా చూపించే సర్టిఫికెట్ మీద ముద్ర అసలుదేనా అని చూస్తుంది. ఎవరి పేరు మీదుందో చూడదు. విదేశీ ముఠా సొంత సర్టిఫికెట్‌తో మధ్యలో దూరి మన ఆర్డర్లు మార్చేస్తోంది. సాయంత్రం అడవులదీవి తీరంలో పడవ మీద ఆర్డీఎక్స్ దిగుతుంది. మన బోట్లేమో చీరాల వైపు పోతున్నాయి."

"వైర్‌లెస్‌లో చెబితే?"

"ముఠా వింటుంది. పడవ ఇంకోచోట దిగుతుంది." చీఫ్ గొంతు తగ్గించాడు. "పొద్దున రైల్లో వాళ్ళు చంపిన కృష్ణతేజ దీని గురించి రెండేళ్ళ కిందే మనకి మెయిల్ పంపాడయ్యా. ఎవరూ తెరవలేదు."

"ఇప్పుడు దాన్ని సరిచేసేదెవరు సార్?"

"బగ్ తీసేసి కొత్త వెర్షన్ రిలీజ్ చేసే సంతకం కీ ఇప్పుడు బాపట్లలో, కృష్ణతేజతో పనిచేసిన రాగసుధ దగ్గరే ఉంది. మన మనిషే."

బాపట్లలో రాగసుధ తలుపు తట్టినప్పుడు జయంత్ చేతిలో చీరల మూట ఉంది.

"చీరాల చీరలండి. కావాలా?"

"రంగు నిలవదుగా?" లోపల్నుంచి ఆడగొంతు. సంకేతం సరిపోయింది. తలుపు తెరుచుకుంది.

నల్ల షిఫాన్ చీర, మెడలో వెండి లాకెట్, ఖరీదైన సెంటు. రాగసుధ లాప్‌టాప్ అతని వైపు తిప్పి నవ్వింది. "బగ్ పూడ్చే పాచ్ రెడీ అండి. రిలీజ్ చేసెయ్యనా?"

జయంత్ కోడ్ చదివాడు. పేరు సరిపోయిందా అని చూసే ఫంక్షన్ ఉంది. సరిపోకపోయినా అది చివరికి 'సరే' అనే చెబుతోంది.

"ఇది పాచ్ కాదు. పాత కన్నానికి కొత్త సున్నం."

"ఇవన్నీ ఎవరు చదువుతారండి?" ఆమె చేతిలోని లిప్‌స్టిక్ గొట్టం పిస్టలైంది.

"కృష్ణతేజ చదివాడు. నిన్ను అక్కా అని పిలిచేవాడు."

"పిలిస్తే? నోరు మూసుకోమన్నా. విన్లేదు."

ఎన్నో హత్యలు చూసినవాడే. అయినా ఆ మాటకి, ఆ సెంటు వాసనకి అతనికి అసహ్యమేసింది. మూట ఆమె మొహాన విసిరాడు. గుండు సీలింగ్‌లో దిగింది. ఆమె చేతులు కిటికీ ఊచకి బేడీలతో బిగించి, లాకెట్ లాగాడు. దాన్లోనే ఉంది సంతకం కీ. కోడ్‌లోంచి ఆ దొంగ లైను తీసేశాడు. తప్పుడు పేరుతో టెస్ట్ చేశాడు. ప్రోగ్రాం కనెక్షన్ తిరస్కరించింది. రిలీజ్ నొక్కాడు.

రేపల్లె సర్వర్ కొత్త వెర్షన్ అందుకుంది. మధ్యలో కూర్చున్న ముఠా తెగిపోయింది. ఎందుకో వాళ్ళకి అర్థమయ్యేలోపు అసలు ఆర్డర్ బోట్లకి చేరింది. అడవులదీవి ఇసుకలో పడవ ముక్కు దిగబడుతున్న క్షణంలో పెట్రోల్ బోటు దాని వెనక అడ్డం తిరిగింది.

"శభాష్!" ఫోన్‌లో చీఫ్ అరిచాడు.

"సార్, మన ఆఫీసు కంప్యూటర్లలో కూడా ఆ పాత లైబ్రరీయే. ఇవాళే మార్పించండి."

"ఇవాళా? దానికి టెండర్ పిలవాలయ్యా!"

జయంత్ కిటికీలోంచి తుపుక్కున ఉమ్మి ఫోన్ పెట్టేశాడు.