వైట్ టెస్ట్ వద్దన్న మేడమ్

"లోపలి మనిషి మీ బావే," అన్నాడు చీఫ్.

ఏజెంట్ మిణుగురు ముఖంలో మార్పేమీ లేదు. జీతమిచ్చేదే అందుకు.

"చౌరస్తాలో పాత ఎల్ఈడీ స్క్రీన్ దించి కొత్తది బిగిస్తున్నారు. శనివారం సాయంత్రం ఇద్దరు దేశాధినేతలు దాని కింద నిలబడి చేతులు కలుపుతారు. అప్పుడు పేల్చెయ్యాలని ఓ విదేశీ ముఠా ప్లాన్. ఫోర్‌మన్‌ని కొన్నారని నెమలి రిపోర్ట్."

ముఠాలో చేరిన మన గూఢచారి కోడ్ నేమ్ నెమలి. స్క్రీన్ రంగులు సరిచేసే కాలిబ్రేషన్ ఇంజినీర్ వేషంలో అక్కడే ఉంది. పనివాళ్లందరికీ ఆమె 'మేడమ్'.

"ఉద్యోగం పోయిందని మీ అక్క దగ్గర ఏడువు. మీ బావ కింద కూలీగా చేరు. తప్పు అతనిదేనని తేలితే?"

"నేనే పట్టిస్తాను సార్."

ఆ మాట అన్నాక రోజంతా అతని నోరు చేదుగానే ఉంది. బావ జైలుకెళితే అక్క సంసారం ఏమవుతుంది?

మర్నాడే పనిలో చేరాడు. ఒక్కోటీ టీపాయ్ అంత ఉన్న ఎల్ఈడీ పలకల్ని, అంటే క్యాబినెట్లను, తాళ్లతో పైకి లాగి, గోడ కట్టినట్టు ఒకదాని పక్కన ఒకటి బిగిస్తున్నారు.

"మూల నేలకి తగిలిందో, ఎల్ఈడీలు జలజలా రాలిపోతాయి. పసిపిల్లని పడుకోబెట్టినట్టు దించాలి. బుర్రకెక్కిందా బావమరిదీ?" అన్నాడు బావ.

మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్లినప్పుడు మిణుగురు చూశాడు. బావ ఒక్కడే మేడమ్ వ్యాన్‌లోంచి ఓ క్యాబినెట్ దించుకుని, టార్పాలిన్ కప్పి మోసుకొస్తున్నాడు. చెమటలు కారిపోతున్నాయి.

"ఏంటి బావా అది?"

"నీకెందుకురా? నీ పని చూసుకో."

బావ అతనితో అలా కసురుకోవడం ఎప్పుడూ లేదు.

సాయంత్రం మేడమ్ వచ్చింది. నల్ల కళ్లద్దాలు, పట్టు స్కార్ఫ్. ఆమె అటు నడిస్తే చాలు, మగాళ్ల చేతుల్లోంచి స్పానర్లు జారిపోతాయి.

"ఈ పూట గాలి ఎక్కువగా ఉంది," అంది. అది కోడ్.

"తాళ్లు గట్టివే మేడమ్," అన్నాడు మిణుగురు.

ఆమె గొంతు తగ్గించింది. "చూశావుగా మీ బావ బాగోతం? నా వ్యాన్‌నే వాడుకున్నాడు. ఇప్పుడే కదిలిస్తే ముఠా జారిపోతుంది. శనివారం దాకా ఓపిక పట్టు."

ఓపిక పట్టాడు. అక్క కట్టిచ్చిన క్యారేజీ బావ పక్కనే కూర్చుని తింటూ, బావ చేతులనే గమనిస్తూ గడిపాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

శనివారం. చౌరస్తా జనంతో కిటకిటలాడుతోంది. దేశాధినేతలు వేదిక ఎక్కుతున్నారు. స్క్రీన్ కింద కంట్రోలర్ ముందు బావ.

"వైట్ టెస్ట్ వేసేస్తాను," అన్నాడు బావ. కొత్త స్క్రీన్ ఏదైనా ముందు మొత్తం తెల్లగా, పూర్తి వెలుగుతో వెలిగించి చూడనిదే అప్పజెప్పరు.

"వద్దు!" మేడమ్ చటుక్కున అతని మణికట్టు పట్టుకుంది. "టైమ్ లేదు. చేతులు కలపగానే నేరుగా వీడియో వేసేయండి."

"వైట్ వెయ్యకుండా నేను ఏ స్క్రీనూ అప్పజెప్పలేదు మేడమ్."

ఆమె అతని మణికట్టు వదలకపోవడం మిణుగురు చూశాడు. బాంబుందని తెలిసినవాడు దాని కిందే నిలబడి టెస్ట్ కోసం పట్టుబడతాడా? మరి ఈవిడ తెలుపుకి ఎందుకు భయపడుతోంది? పొద్దున కంట్రోలర్‌లో చూసిన ఆ వీడియోలో మొదటి దృశ్యం తెర నిండా తెల్లటి మంచు. తెర పూర్తిగా తెల్లబడితే పేలుతుంది! నెమలి ఆడింది డబుల్ గేమ్.

అతను చెవి గోక్కున్నాడు. అది సైగ. బెలూన్లు అమ్ముతున్న ఇద్దరు ఏజెంట్లు మేడమ్‌ని చెరో వైపూ పట్టుకున్నారు. బెలూన్లు మాత్రం ఆకాశంలోకి పోయాయి.

"బావా, ఆ రోజు మోసుకొచ్చిన క్యాబినెట్ ఎక్కడ బిగించావు?"

బావ ముఖంలో నెత్తురు చుక్క లేదు. "నా చేతిలోంచి ఒకటి జారి మూల పోయిందిరా. తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది. మేడమ్ స్పేర్ ఇచ్చింది, నోరెత్తొద్దంది. కుర్రాళ్లు దాన్ని అన్నిటితో కలిపేశారు. ఎక్కడుందో నాకూ తెలీదు."

"దాంట్లో బాంబుంది."

బావ చేతులు కంట్రోలర్ మీద వాటంతటవే కదిలాయి. తెర మసక బూడిద రంగుకి మారింది. "వేరే బ్యాచ్‌లో తయారైనదైతే మిగతావాటితో రంగు కలవదు. చూడు!"

మూడో వరసలో ఒక గడి లేత గులాబీగా కనిపించింది. రంగులు సరిచేస్తున్నానంటూ వారమంతా తిరిగిన మేడమ్ ఆ పని అసలు చెయ్యనే లేదు!

మిణుగురు వెనక నిచ్చెన ఎక్కాడు. వేదిక మీద చేతులు కలిశాయి. వేదిక దగ్గర ఎవరో వీడియో బటన్ నొక్కారు. అతను ఆ గడి కేబుల్ రెండు చేతులా పట్టి లాగేశాడు.

తెరంతా తెల్లగా వెలిగింది. ఒక్క గడి మాత్రం నల్లగా ఉండిపోయింది. జనం చప్పట్లు కొట్టారు.

జనం కదిలాక కంపెనీ ఓనర్ ఊగిపోతూ వచ్చాడు. "ఆ నల్ల మచ్చేంటి? ఎవడి నిర్వాకం?"

బావ చూపు మిణుగురు వైపు తిరిగింది.

"నేనే సార్," అన్నాడు మిణుగురు. "క్యాబినెట్ జారవిడిచాను."

"వీణ్ణి ఇప్పుడే తీసెయ్!"

బావ తల దించుకున్నాడు. "రేపట్నించి రాకురా," అన్నాడు, నేలకి చెబుతున్నట్టు. ఈ మనిషినే పట్టిస్తానన్నానని మిణుగురుకి సిగ్గేసింది.

ఇంటికి చేరకముందే అక్క ఫోన్.

"ఒక్క వారం కూడా నిలబెట్టుకోలేకపోయావా? నీ గురించి బెంగతో మీ బావ ముద్ద ముట్టలేదు. ఇంతకీ నీకు చేతనైన పనంటూ ఏదైనా ఉందా?"

"వెతుకుతున్నానక్కా," అన్నాడు ఏజెంట్ మిణుగురు.