నలభై మూడో నంబరు

“చచ్చిపోయిన ఫోన్లున్నాయా?”

అడిగింది ఒక అట్టపెట్టె. అంటే పెట్టె వెనక మనిషి ఉందనుకోండి. కానీ అవతల వాన దంచి కొడుతుంటే పెట్టెను తలకు అడ్డం పెట్టుకుని వచ్చింది కాబట్టి, షాపులోంచి చూస్తే పెట్టే మాట్లాడినట్టుంది.

“ఇది ఆస్పత్రి అండీ, శ్మశానం కాదు” అన్నాడు అతను తల ఎత్తకుండా.

వీధిలో అందరూ అతన్ని ఫోన్ల డాక్టరు అంటారు. మెట్ల కింద షాపు. ఇద్దరు నిలబడితే మూడోవాడు బయట తడవాల్సిందే. తలుపు పైన బోర్డు మీద ‘ఎనిమిదేళ్లు, ఒక్క ఫోనూ మారలేదు’ అని ఎర్ర అక్షరాలతో రాయించుకున్నాడు. నిజమే. షాపులో ఉన్నది ఒకటే అర. బాగైన ఫోన్ వెల్లకిలా పడుకుంటుంది, ఇక బాగుపడనిది బోర్లా పడుకుంటుంది. అది చాలదన్నట్టు, ఏ ఫోన్ ఎవరి చేతిలో పెట్టినా వెనకున్న చీటీ చదివి గాని పెట్టడు. ఈ పద్ధతి తెలిసింది అతనికొక్కడికే. షాపులో ఉండేదీ అతనొక్కడే కాబట్టి ఇన్నాళ్లూ ఇబ్బంది రాలేదు.

పెట్టె కిందికి దిగింది. అతను తల ఎత్తాడు. ఎత్తకుండా ఉండాల్సింది. వాన నీళ్లు జుట్టు మీంచి జారి ముక్కు చివర ఒక్క క్షణం ఆగి, కౌంటరు మీద పడుతున్నాయి. ఆమె మాత్రం తను తడిసిన సంగతే పట్టనట్టు, అరలోని ఫోన్ల వంక ఆశగా చూస్తోంది.

“మాది పౌర సంఘం. బడులకు వెళ్లి పాఠాలు చెబుతాం. రేపు ఇక్కడి హైస్కూల్లో తొమ్మిదో తరగతికి ఫోన్ విప్పి చూపించాలి. అందులో ఏ లోహం ఏ దేశం గనిలోంచి వచ్చింది, అక్కడి నేల ఏమైంది, నీళ్లేమయ్యాయి, మనుషులేమయ్యారు, ఇదీ పాఠం.”

“విప్పడం ఎవరైనా విప్పుతారు. బిగించడం నేర్పండి పిల్లలకి.”

“అదే కదా నేను మొత్తుకునేది. బిగించేవాళ్లు వీధికొకరుంటే ఇన్ని గనులెందుకండీ? నా పాఠం సగం తగ్గిపోతుంది.”

పోట్లాటకి చొక్కా చేతులు మడుచుకున్నవాడికి పొగడ్త ఎదురైతే ఏం చేయాలో తోచదు. అతనికీ తోచలేదు. లేచి, అవసరం లేకపోయినా పైన ఉన్న ఫ్యాన్ వేశాడు. ఆ కాస్త వ్యవధిలో ఆమె అరలోని ఫోన్లన్నీ తీసి చున్నీ చివరతో దుమ్ము తుడిచి, ముచ్చటగా వరసలో పేర్చింది.

“వీటిలో ఏవి తీసుకోను?”

మూడు ఫోన్లు తీసి పెట్టెలో వేశాడు. ఆమె థాంక్సండీ అని నవ్వి, పెట్టెను చున్నీలో చుట్టి, ఈసారి తను తడుస్తూ వాన్లోకి వెళ్లిపోయింది. అతను చాలాసేపు కూర్చుని స్క్రూడ్రైవరు పట్టుకున్నాడు గాని, దాంతో చేసిన పనేమీ లేదు.

మర్నాడు పదింటికి ఒక పెద్దాయన వచ్చాడు. ముప్పై ఏళ్లు గనిలో డ్రిల్లు పట్టిన మనిషి. ఆ చప్పుడికి చెవులు పోయాయి. ఎదుటివాడు మాట్లాడుతుంటే కళ్లలోకి చూడడు, పెదాల వంకే చూస్తాడు.

“నా ఫోన్ అయిందా బాబూ?”

“మొన్ననే అయిపోయింది బాబాయ్ గారూ. కొత్త కవరు కూడా వేశాను” అంటూ అర వైపు తిరిగాడు. తిరిగినవాడు తిరిగినట్టే ఉండిపోయాడు.

అరలో ఫోన్లన్నీ బోర్లా పడుకుని ఉన్నాయి. ఒక్కొక్కటీ తిప్పి చూశాడు. అర కింద చూశాడు. చెత్తబుట్ట తిరగేశాడు. పెద్దాయన బటన్ల ఫోన్ ఎక్కడా లేదు.

“దొరకలేదా?” అన్నాడు పెద్దాయన నెమ్మదిగా. “పాతదే. పోతే పోయిందనేవాణ్ణే. కానీ అందులో నలభై రెండు నంబర్లున్నాయి. ఒకటి మా అమ్మాయిది. మిగతావన్నీ నాతో గనిలో దిగినవాళ్లవి. వాళ్లలో పంతొమ్మిది మంది ఇప్పుడు ఎత్తరు.”

“ఎందుకని?”

“పోయారు. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుంటే ఏముంది, ఒకరి వెనక ఒకరు.”

“అయినా నంబర్లు తీసెయ్యలేదా?”

“తీసేస్తే వాళ్లని ఎవరు గుర్తుపెట్టుకుంటారు బాబూ? ఇంకెక్కడా రాసిపెట్టుకోలేదు నేను. రాత్రి పడుకునే ముందు ఒకసారి ఆ పేర్లన్నీ చూసుకుని పడుకుంటా.”

“ఒక్క గంట కూర్చోండి బాబాయ్ గారూ” అని స్టూలు వేసి, షాపు ఆయనకే అప్పగించి, సైకిలెక్కాడు.

బడికి చేరేసరికి చినుకులు మొదలయ్యాయి. తొమ్మిదో తరగతి గదిలో గోడ మీద దుప్పటంత ప్రపంచపటం. పిల్లలు ఫోన్లు విప్పి, ఏ ముక్కలో లోహం ఏ దేశానిదైతే ఆ దేశం మీద జిగురుతో అంటిస్తున్నారు. బల్ల దగ్గర రెండు జడల పిల్ల ఫోన్‌లోంచి తీసిన ఆకుపచ్చ సర్క్యూట్ పలకను కటింగ్ ప్లేయరు మధ్య పెట్టి పట్టుకుంది. పక్కన గనుల అక్క, అంటే నిన్నటి అట్టపెట్టె, “ఈ పలకలోనే చిటికెడు బంగారం ఉంది, కత్తిరించి చూద్దామా?” అంటోంది.

“ఆగమ్మా, ఆగు” అన్నాడు గుమ్మంలో రొప్పుతూ. “అది బతికే ఉంది.”

తరగతంతా గొల్లున నవ్వింది. ఆమె కూడా నవ్వబోయి, అతని మొహం చూసి ఆగిపోయింది. అతను దగ్గరికి వెళ్లి, ఎవరో పెద్దాయన చనిపోయిన పంతొమ్మిది మంది స్నేహితుల నంబర్లు ఇందులోనే దాచుకున్నాడని గొంతు తగ్గించి చెప్పాడు. ఆమె ఆ పిల్ల చేతిలోంచి ప్లేయరు మెల్లగా తీసేసుకుంది. ఆ తర్వాత పలకను రెండు చేతులతో అతనికి అందించింది.

“మిగతా ముక్కలు?”

“అదిగో” అంది పటం వైపు చూపిస్తూ.

ఇక ఇద్దరూ కలిసి ప్రపంచయాత్ర మొదలుపెట్టారు. కోబాల్టు పేరు చెప్పి బ్యాటరీ కాంగోలో ఉంది. అయస్కాంతం ఉంది కదా అని స్పీకరు చైనాలో ఉంది. సిమ్ కార్డు సముద్రంలో పడింది, అంటించినవాడికి దేశం గుర్తు రాలేదట. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి తమ తమ దేశాలు అప్పగించారు. ఫోన్ని వణికించే బుల్లి మోటారు మాత్రం ఎక్కడా లేదు. చివరికి రెండు జడల పిల్ల జామెట్రీ బాక్సు తెరిచి, “బ్యాటరీ తగిలిస్తే డాన్సు చేస్తుందక్కా, అందుకని ఉంచుకున్నా” అని తల వంచుకుని ఇచ్చింది.

అతను టీచరు బల్ల దగ్గర కూర్చుని జిగురు గీకుతూ, ముక్కలు బిగించడం మొదలుపెట్టాడు. చుట్టూ నలభై తలకాయలు. దగ్గరగా ఆమె తలకాయ.

“ఫోన్లన్నీ బోర్లా ఎందుకు పెట్టారు?” అన్నాడు.

“అద్దాల మీద మళ్లీ దుమ్ము పడకూడదని.”

“నా షాపులో బోర్లా అంటే పోయినట్టు.”

“ఆ రూలు గోడ మీద రాసి ఉంటే చదువుకునేదాన్ని.”

“ఎవరి కోసం రాయాలి? షాపులో ఉండేది నేనొక్కణ్ణే.”

“అదే మీ రోగం, డాక్టరు గారూ” అంది. అంతలోనే, “అయినా పెట్టెలో వేసింది మీరే కదా. చూసుకోలేదా?” అని అడిగింది.

అతని వేళ్ల మధ్య స్క్రూ జారి కింద పడింది. దాని కోసం బల్ల కిందికి దూరాడు. స్క్రూ వెంటనే కనపడింది, కానీ పైకి రావడానికి కొంత సమయం తీసుకున్నాడు.

పది నిమిషాలకు తెర వెలిగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. మైకు పనిచేస్తోందో లేదో చూడాలి కదా, కాల్స్ లిస్టులో అన్నిటికంటే పైనున్న నంబరు నొక్కాడు.

ఆమె సంచీలో ఫోన్ మోగింది.

తీసి చూసి, “నాన్న” అంది. తర్వాత అతని చేతిలో ఫోన్ వంక చూసింది. “ఇది మా నాన్న ఫోనా? ఈ కొత్త కవరెవరు వేశారు? పాత కవరయితే కళ్లు మూసుకుని గుర్తుపట్టేదాన్ని.”

అతనికి ముందు భయం వేసింది. భయం వెనకే ఇంకో సంగతి తట్టింది. ఆ పెద్దాయన్ని మొదటి రోజు నుంచీ నోరారా బాబాయ్ అని పిలుస్తున్నాడు. ఆ లెక్కన ఈమె చెల్లెలవుతుంది. అది ఎంత మాత్రమూ కుదరదు. అర్జెంటుగా వరస మార్చాలి.

ఆమె మాత్రం నవ్వే స్థితిలో లేదు. “నాన్నకి నా పాఠం అసలే గిట్టదు. అన్నం పెట్టిన గనిని తిడుతూ తిరుగుతున్నావా అంటారు. తిట్టడం లేదు నాన్నా, లెక్క చెబుతున్నా అంటే వినరు. ఇప్పుడు ఆయన మనుషులందరినీ ముక్కలు చేసి గోడకి అంటించానని తెలిస్తే ఇక ఈ పని మానెయ్యమంటారు. నేనూ ఏ మొహం పెట్టుకుని కాదంటాను?”

ఇద్దరూ షాపుకి చేరేసరికి పెద్దాయన స్టూలు మీద కదలకుండా కూర్చుని ఉన్నాడు. అతను ఫోన్ అందించాడు. పెద్దాయన బటన్లు నొక్కుతూ ఒక్కో పేరూ పెదాలు కదుపుతూ చదువుకున్నాడు. వాళ్లిద్దరూ లోలోపల లెక్కపెట్టుకుంటూ నిలబడ్డారు. నలభై రెండూ ఉన్నాయి. అప్పుడాయన ఫోన్ వెనక్కి తిప్పి, బొటనవేలితో తడిమాడు.

“ఈ జిగురేమిటి?”

ఆమె ముందుకొచ్చి అంతా చెప్పేసింది, ప్లేయరు సంగతితో సహా. “తప్పు నాదే నాన్నా. రేపటి నుంచి క్లాసులకి వెళ్లను.” చివరి మాటకి గొంతు వణికింది.

ఇన్ని ఫోన్లు బాగుచేసిన చెయ్యి, ఆ గొంతుని ఎలా బాగుచేయాలో తెలియక కౌంటరు అంచు పట్టుకుంది. బోర్డు మాట ఎటు పోతే అటు పోనీ అనుకున్నాడు.

“ఆవిడ తప్పు లేదు మావయ్య గారూ. నాది.”

పెద్దాయన అతని పెదాల వంక చూశాడు. “మావయ్యా? పొద్దున బాబాయ్‌ని కదా?”

“అంటే, అది పొద్దున.”

“ఫోన్ ఇచ్చిన రోజు నా చీటీ నా ఎదురుగా రెండుసార్లు చదివినవాడివి. నిన్న చదవలేదా?”

“చదవలేదండీ. అప్పుడు నేను ఫోన్ వంక చూడలేదు.” గొంతు దిగిపోయింది. “మీ అమ్మాయి వంక చూస్తున్నాను.”

“ఏమిటీ? వినపడలేదు.”

“మీ అమ్మాయి వంక చూస్తున్నానండీ.”

“గట్టిగా చెప్పవయ్యా. చెవులు లేనివాణ్ణి.”

ఇక తెగించాడు. “మీ అమ్మాయి వంక చూస్తూ ఫోన్ ఇచ్చేశానండీ. ఎనిమిదేళ్లలో నాకెప్పుడూ అలా కాలేదు. మళ్లీ వస్తే మళ్లీ ఆమెనే చూస్తాను.”

పక్క షాపులో కుట్టుమిషను ఆగింది. ఎదురుగా గొడుగుల షాపతను గొడుగు సగం తెరిచి అలాగే ఉండిపోయాడు. మేడ మీద ఎవరో కిటికీ తెరిచారు. ఆమె చెవుల దాకా ఎర్రబడి, తడవకపోయినా మొహం చున్నీతో తుడుచుకుంటోంది.

పెద్దాయన తీరుబడిగా ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

“డ్రిల్లు మోగుతుంటే గనిలో ఎవడి మాటా ఎవడికీ వినపడదు. ముప్పై ఏళ్లు పెదాలు చూసే మాట్లాడుకున్నాం. నువ్వు మొదటిసారి అన్నప్పుడే తెలిసింది నాకు.”

“మరి మూడుసార్లు చెప్పించారు కదండీ?”

“తెలియాల్సింది నాకు కాదు కదా” అని కూతురి వైపు చూశాడు. “రాగి ఎక్కడ అంటించావమ్మా?” అని అడిగాడు.

“మన దగ్గరే నాన్నా. మీరు తవ్విన చోటే.”

పెద్దాయన కండువాతో కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. “క్లాసు మానడం కుదరదు. వచ్చే వారం నేనూ వస్తా. ఆ పంతొమ్మిది మంది సంగతి నువ్వు పుస్తకాలు చూసి చెప్పడమేమిటి, నేనుండగా.”

ఆమె తండ్రి భుజం మీద మొహం దాచుకుంది. బయట వాన మళ్లీ అందుకుంది. ముగ్గురికీ ఆ షాపులో చోటు లేదు కాబట్టి ఫోన్ల డాక్టరు తన షాపు ముందు తనే తడుస్తూ నిలబడ్డాడు.

పెద్దాయన ఫోన్ మళ్లీ బయటికి తీశాడు. “నీ నంబరు చెప్పు బాబూ. నలభై మూడోది అవుతుంది.” అతను చెబుతుంటే ఒక్కో అంకే నొక్కి, తల ఎత్తాడు. “పేరు ఏమని వెయ్యను?”

అతను నోరు తెరిచేలోగా ఆమె అందుకుంది.

“ప్రస్తుతానికి డాక్టరని వెయ్యండి నాన్నా. తర్వాత మార్చుకుందాం.”