నీళ్లు తగ్గని ట్యాంకు

కొట్టు కట్టేసే వేళకు వచ్చే గిరాకీ రెండు రకాలు. నిజంగా కొనేవాళ్లు ఒక రకం. పొద్దుటి నుంచీ ఎవరి మీదా చూపించలేని విసుగును మన మీద దించేసి పోయేవాళ్లు ఇంకో రకం. ఆమె మొదటిసారి వచ్చినప్పుడు ఏ రకమో తేల్చుకోలేకపోయాను.

నాది అక్వేరియం కొట్టు. పంపుల రొద, తడి చేతులు, తడి చెప్పులు, అదే బతుకు. ఆ సాయంత్రం కాళ్లు లాగేస్తుంటే స్టూలు మీద కూలబడి ఉన్నాను. ఆమె లోపలికి వచ్చి, సముద్రపు చేపల ట్యాంకులో కలిపే ఉప్పు కావాలంది, ఉన్నవాటిలో అన్నిటికన్నా మంచిది ఇమ్మంది. మెడలో ఆసుపత్రి ఫార్మసీ కార్డు, కళ్ల కింద నలుపు. నాకంటే అలసిన మనిషిని ఆ రోజు అప్పుడే చూశాను.

"ట్యాంకులో పగడాలున్నాయా?"

"లేవు. ఒక్క చేప."

"అయితే పై అరలో సంచి మీకు అక్కర్లేదండీ. అందులో కాల్షియం ఎక్కువ కలుపుతారు, పగడాలు పెరగడానికి. ఉత్త చేపకి కింది అరలోది చాలు."

ఆమె తన అరిగిన చెప్పుల వంక ఒకసారి, నా వంక ఒకసారి చూసింది. "నేను కొనలేననుకున్నారా?"

వ్యాపారంలో మా నాన్న నేర్పిన మొదటి మాట, గుమ్మం ఎక్కినవాళ్లను ఉత్త చేతులతో పంపకు. రెండో మాట, వాళ్లు అడిగినదాన్ని వద్దనకు. రెండో మాట ఎందుకు తప్పానో నాకే తెలియలేదు. ఆమె పై అర సంచే తీసుకుని వెళ్లిపోయింది. లాభమే వచ్చింది. అయినా ఆ పూటంతా చేతిలోంచి ఏదో జారిపోయినట్టే ఉంది.

మళ్లీ వానలో వచ్చింది. సగం ఖాళీ అయిన ఆ సంచిని, ట్యాంకు నీళ్లు పట్టి తెచ్చిన చిన్న మందు సీసాని కౌంటర్ మీద పెట్టి, "ఇదీ పనిచేయలేదు" అంది. గొడవ పెట్టుకునే ఓపిక కూడా ఆ గొంతులో లేదు.

బయట వాన గట్టిగా పడుతోంది కాబట్టి వెళ్లలేక కూర్చుంది, కూర్చుంది కాబట్టి చెప్పింది. వాళ్ల నాన్న కాలేజీ హాస్టల్లో వంట చేసి రిటైరయ్యాడు. ఇంట్లో ఉండేది వాళ్లిద్దరే. తెల్లచారల చేపల జంటను తెచ్చుకుంటే ఒకటి పోయింది. మిగిలినదాన్ని ఆయన 'చారలోడు' అంటాడు, పగలంతా దాంతోనే మాట్లాడతాడు. ఇప్పుడది తిండి మానేసి, పంపు వెనక దాక్కుని ఆయాసపడుతోంది. వేరే కొట్లలోనూ అడిగింది. వెళ్లిన ప్రతిచోటా ఉప్పు మార్చమన్నారు, మార్చింది.

"ఈసారీ కుదరకపోతే ట్యాంకు తెచ్చి మీకే ఇచ్చేస్తాను. ఇంక నావల్ల కాదు. నాన్నకి ఏం చెప్పాలో అదే తెలియడం లేదు."

ట్యాంకు చవగ్గా వస్తే నాకు లాభమే. కానీ ట్యాంకు కొట్టుకి వచ్చిందంటే ఇక ఆమె రాదు. ఎటు తూచినా ఆ రెండోదే బరువుగా ఉంది.

సీసాలో నీళ్లు పరీక్ష చేశాను. ఉప్పు మరీ ఎక్కువ.

"గ్రాముల్లో తూచి కలుపుతాను. మందులు తూచే చెయ్యి నాది," అంది. నిజమే అయ్యుంటుంది. రోజూ ట్యాంకులో ఎన్ని నీళ్లు తగ్గుతున్నాయని అడిగాను.

"మా ట్యాంకులో నీళ్లు తగ్గవు." ఆ ఒక్క మాటా కాస్త గొప్పగా చెప్పింది.

మూత లేదట, పైన ఫ్యానట. అయినా నీళ్లు తగ్గవట. తగ్గకపోవడం కాదు, ఎవరో పోస్తున్నారు. ఆ మాట అక్కడే చెప్పేయొచ్చు. చెబితే ఆమె ఇంత అలసటతో ఇంటికెళ్లి ఎవరి మీద అరుస్తుందో కూడా నాకు తెలుసు. అందుకే, ట్యాంకును కళ్లారా చూడాలన్నాను.

"వచ్చి చూస్తే ఏం తీసుకుంటారు?"

"టీ."

నవ్వబోయి, ఆవలించింది.

ఆదివారం వెళ్లాను. చిన్న ఇల్లు. ట్యాంకు పక్కనే ఆమె కలిపి ఉంచిన ఉప్పునీళ్ల బకెట్టు, దాని మీద చెంబు. ఆమె టీ పెట్టడానికి లోపలికి వెళ్లగానే, రోజూ నీళ్లు పోసేది మీరేనా అని పెద్దాయన్ని మెల్లగా అడిగాను. ఆయన గొంతు తగ్గించాడు.

"రోజంతా నిలబడి వస్తుంది బాబూ. వచ్చాక మళ్లీ ఈ చాకిరీ ఎందుకని పొద్దున్నే నేనే పోసేస్తా. సముద్రపు చేప కదా, ఉప్పునీళ్లే. మంచినీళ్లు చుక్క పడనివ్వను."

"బాబాయిగారూ, కూర మరిగి మరిగి చిక్కబడిపోతే హాస్టల్లో ఏం చేసేవారు?"

"కాసిని వేణ్ణీళ్లు పోసేవాణ్ణి."

"ఉప్పో?"

"మళ్లీ ఉప్పెందుకు? ఆవిరైంది నీళ్లేగా, ఉప్పెక్కడికి..."

మాట సగంలో ఆగిపోయింది. ట్యాంకు వంక తిరిగాడు. "అయితే దాని జోడీని చంపింది నేనేనా?"

గుమ్మంలో ఆమె టీ కప్పులతో నిలబడి ఉంది. మొత్తం వినేసింది. ఇక తిట్లు మొదలవుతాయనుకున్నాను. ఆమె కప్పులు కింద పెట్టింది.

"నీళ్లు తగ్గట్లేదని ఎంత సంతోషపడ్డానో తెలుసా నాన్నా? ఈ ఇంట్లో ఒక్క పనైనా దానంతటదే అవుతోందనుకున్నా."

"చెబితే వద్దంటావుగా అమ్మా."

"అంటాను."

నేను చెంబు అందుకున్నాను. ట్యాంకులోంచి ఒక చెంబు తీసి, ఒక చెంబు ఫిల్టరు నీళ్లు పోయడం మొదలుపెట్టాను. ఉప్పు ఒక్కసారిగా తగ్గిస్తే చేప తట్టుకోదని, ఇవాళ కొంచెం, రేపు కొంచెం చేయాలని చెప్పాను. ఇకమీదట నీళ్లు తగ్గితే మంచినీళ్లే పోయాలని, ఉప్పు కలపడం ట్యాంకు నీళ్లు మార్చేటప్పుడు మాత్రమేనని, అదీ కింది అర సంచి చాలని కూడా చెప్పాను. ఆమె కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకుంది. టీ చల్లారిపోయింది.

"ఉప్పు అమ్ముకునేవాడివి, ఉప్పు తగ్గించమంటున్నావు. నీకేం గిట్టుబాటు?" అన్నాడు పెద్దాయన.

ఆమె నిద్రపోయిందని నిశ్చయించుకుని నిజం చెప్పాను. "ట్యాంకు ఉంటే మీ అమ్మాయి కొట్టుకి వస్తుందండీ. నాకు అదే గిట్టుబాటు."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. వంటవాడు వంకాయను పుచ్చు ఉందేమోనని అటూ ఇటూ తిప్పి చూస్తాడే, అలా. తర్వాత చెంబు నా చేతిలోంచి తీసుకున్నాడు.

"తొందరపెడితే తట్టుకోదని నువ్వే అన్నావుగా. మా అమ్మాయీ అంతే. ఇవాళ కొంచెం, రేపు కొంచెం."

చారలోడు పంపు వెనక నుంచి తల మాత్రం బయటపెట్టాడు. ఈ రోజుకి అదే ఎక్కువ. చెప్పులు వేసుకోవడానికి గుమ్మం దాకా వచ్చాను.

"ఏమండీ," అంది వెనక నుంచి. కళ్లు ఇంకా మూసుకునే ఉంది, పెదవి చివర మాత్రం కదిలింది. "రేపొచ్చేటప్పుడు సంచీ గించీ తేకండి. ఉత్త చేతులతో రండి."