పాలవెల్లికి కట్టిన ఫ్లాపీలు

పాలవెల్లి వంక చూడగానే నాన్న చేతిలో పత్రి కాస్తా కింద పడిపోయింది.

వెలక్కాయలు, మొక్కజొన్న పొత్తుల మధ్య గుండ్రంగా, నల్లగా రెండు బిళ్ళలు వేలాడుతున్నాయి. వాటికి పసుపు, బొట్టు కూడా!

"హైమా! ఏంటే అవి?"

"పాత ఫ్లాపీలు నాన్నా! అట్ట కత్తిరిస్తే లోపల ఇవున్నాయి. బాగున్నాయి కదూ?"

హైమావతి ఆరో తరగతి. తెనాలి మొత్తానికి తనంత తెలివైన పిల్ల లేదని ఆవిడగారి నమ్మకం.

నాన్న గౌరీశంకరం ముందుగదిలో కంప్యూటర్ మీద టైపు చేసిపెడతాడు. నిన్ననే రంగుల తెరతో కొత్త కంప్యూటర్, కొత్త ప్రింటరు వచ్చాయి. కొత్తదాంట్లో చిన్న ఫ్లాపీలే పడతాయి. మరి ఈ పెద్దవి ఇంకెందుకు? పాత కంప్యూటర్ని ఎవరికైనా ఇచ్చేయమని కూడా పొద్దుటినుంచీ హైమ నాన్న ప్రాణం తీస్తోంది.

నాన్న కత్తిరించిన అట్టలు ఏరాడు. ఒకటి ఖాళీ ఫ్లాపీది. రెండోదాని మీద పేరు చదివి అక్కడే చతికిలబడ్డాడు.

"లక్ష్మీనరసింహం మాస్టారి కథలే ఇవి!"

మాస్టారికి చూపు ఆనదు. వారం వారం రేపల్లె నుంచి బస్సులో వచ్చి కథలు చెప్పేవారు. నాన్న టైపు చేసి ఆ ఫ్లాపీలోనే దాచేవాడు. పాత ప్రింటరు పాడైపోవడంతో కాగితం మీదికి ఒక్క ముక్క రాలేదు. ఇవాళ ప్రింటు తీసి, వినాయకుడి ముందు పుస్తకాలతో పాటు పెట్టాలని ఇద్దరూ అనుకున్నారు.

"అతికించలేమా నాన్నా?"

"వేలు తగిలితేనే పాడవుతాయే! పసుపు రాశాక ఇంకేం మిగులుతుంది?"

అంతలో గుమ్మంలో చేతికర్ర చప్పుడైంది. "గౌరీశంకరం! నా కథలు ప్రింటు తీశావా?"

"నాదే పొరపాటు మాస్టారూ..." అన్నాడు నాన్న.

"కాదండి! నేనే కత్తిరించేశాను తాతగారూ. పాతవి కదా, పనికిరావనుకున్నా."

మాస్టారు కుర్చీ కోసం చేత్తో తడుముకున్నారు. ఆయన రెండు దెబ్బలు వేసినా బాగుండుననిపించింది హైమకి.

"అందులో సగం మా అమ్మ చెప్పినవమ్మా," అన్నారు చివరికి.

హైమకి ఏడుపు ఆగలేదు. వెక్కుతూనే వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చుంది. కొత్తదాంట్లో తెలుగు అక్షరాలు ఇంకా ఎక్కించనే లేదు. పాతదాని స్విచ్చి వేసింది.

"మళ్ళీ చెప్పండి తాతగారూ. నేను కొడతాను."

ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. మొదటి కథ పూర్తయింది. రెండో కథలో నక్క పడవెక్కి సముద్రం మధ్యకి వెళ్ళింది. మాస్టారు ఆగిపోయారు. నుదురు రుద్దుకున్నారు.

"తర్వాత... గుర్తు రావట్లేదమ్మా."

హైమ నాన్న వంక చూసింది. టైపు చేసిన నాన్నకీ గుర్తు లేదు. ఇంకెవరికీ తెలియని ఆ కథ ఇక ఎవరు చెబుతారు?

తెర మీద కొంత చోటు ఖాళీగా వదిలింది.

"ఇక్కడ చోటుంచాను తాతగారూ. ఎప్పుడు గుర్తొస్తే అప్పుడు చెప్పండి."

కథలు ఒక ఫ్లాపీలో దాచింది. ఇంకోటి తీసి అందులోనూ దాచింది. తర్వాత కొత్త ప్రింటరు తీగ తెచ్చి నాన్న చేతికిచ్చింది.

"దీన్ని పాత కంప్యూటర్‌కి తగిలించు నాన్నా."