చెత్తలో పడేసిన వెలుగు

రాయగడలో ప్రణతి ఎక్కిన జీపు కాశీపూర్ దాటి కొండ కిందకి చేరేసరికి పదకొండయింది. సన్నగా వాన. రేకుల షెడ్డు తాళం తీస్తూ మల్లేశు, "ఏటమ్మీ, ఈయేళే మిసన్లన్నీ ఇప్పేస్తావా?" అన్నాడు. ఏడాదిగా ఆ షెడ్డుకి కాపలా ఆయనే.

"ఇప్పేద్దాం బాబాయ్," అంది ప్రణతి.

ప్రణతి జయపురం పిల్ల. ఆకాశం నుంచి రాలే కణాల్లో ఎన్ని ఈ కొండరాయిని దాటుకుని కిందికి దిగుతాయో లెక్కపెట్టడం ఆమె పని. అందుకు రెండు పలకలున్నాయి: ఒకటి పాత సొరంగం లోపల, ఒకటి షెడ్డులో ఆమె కుర్చీ పక్కన. కణం తగిలితే పలకలో కంటికి ఆననంత మెరుపు మెరుస్తుంది. అందుకే వాటికి చుట్టూ నల్లటేపు. టేపు ఎక్కడైనా ఊడి బయటి వెలుగు దూరితే, ఆ గోలనంతా కంప్యూటరు చెత్తబుట్టలోకి నెట్టేస్తుంది. ఆ ఏర్పాటు హరీష్ చేసిందే. ప్రణతితో కలిసి పనిచేసేవాడు, మాఘమాసంలో ఆమెకి తాళి కట్టాల్సినవాడు.

పోయినేడు ఇలాంటి వానలోనే, పలక చూసొస్తానని హరీష్ సొరంగంలోకి వెళ్లేడు. కాసేపటికి తెర మీద లోపలి పలక గోల మొదలెట్టింది. 'టేపు సరిగ్గా వేసి చావడు' అని విసుక్కుని, హెచ్చరికల మోత ఆపేసి, ఆమె తన రాతలో మునిగిపోయింది. ఏ చేత్తో ఆపిందో ఆ చెయ్యి విరిగిపోయినా బాగుండును. అన్నానికి రాకపోతే అప్పుడెళ్లి చూసింది. దారికి అడ్డంగా రాళ్లు కూలిపోయున్నాయి. నాలుగూ పదికి హరీష్‌ని బయటికి తీసేరు.

రాయి పడగానే పోయేడనీ, బాధ పడలేదనీ డాక్టరు చెప్పేడు. ఏడాదంతా ఆ ఒక్క మాట పట్టుకునే ఆమె ముద్ద మింగింది.

ఇవాళ, ఏడాదిగా ఆపకుండా నడుస్తున్నవన్నీ విప్పేముందు, ఆ చెత్తబుట్ట తెరిచింది.

పోయినేడు ఆ రోజు, పదకొండూ ఇరవై. మూడు మెరుపులు. ఆగి, మళ్లీ మూడు. టేపు ఊడితే అలా రాదు. టార్చిలైటు... నొక్కి, వదిలి, నొక్కి...

టేపు అంచు ఒలిచి, పలకలోకి టార్చి వేసి, హరీష్ తనని పిలిచేడు.

ఆ మెరుపులు తొందరగా ఆగిపోవాలి. పావుగంటలో ఆగిపోతే చాలు, దేవుడా, ఎలాగో బతికేస్తాను.

పన్నెండు. మూడు మెరుపులు. ఒంటిగంట. మూడు. రెండింటికీ... మూడింటికీ...

నాలుగూ పది. ఆ నిమిషంలో హరీష్ తల ఆమె ఒళ్లో ఉంది. చల్లగా ఉంది.

నాలుగూ పన్నెండు. మూడు మెరుపులు.

మర్నాడూ... దసరాకీ... పెళ్లి జరగాల్సిన మాఘంలోనూ... ఇవాళ పొద్దున్న కూడా.

"అమ్మీ, మొకం అలాగుందేటి?"

"పిలుస్తున్నాడు బాబాయ్. ఏడాదిగా పిలుస్తూనే ఉన్నాడు. నేను చెత్తలో పడేస్తున్నాను."

"లోనకెల్లకమ్మీ..."

ఆమె అప్పటికే వెళ్లిపోయింది. సొరంగంలో తడిమట్టి వాసన, గబ్బిలాల కంపు. ఎక్కడో నీటిబొట్లు. పలక దగ్గర ఎవరూ లేరు. ఒలిచిన టేపు అంచు అలాగే వేలాడుతోంది. ఆ సందులో తన టార్చి పెట్టి మూడుసార్లు నొక్కింది.

"వచ్చేను హరీ. ఆలస్యమైపోయింది... వచ్చేను."

నీటిబొట్ల చప్పుడు ఆగిపోయింది.

షెడ్డుకి తిరిగొచ్చి తెర చూసింది. లోపలి పలకలో ఆమె వేసిన మూడు మెరుపులే ఆఖరు. ఐదు నిమిషాలు... పది... ఇంకేమీ లేదు. "విన్నాడు," అని ఆమె బల్ల మీద తలవాల్చి భోరుమంది. మల్లేశు ఆమె తల నిమిరేడు.

అప్పుడు తెర మీద రెండో గీత కదిలింది. షెడ్డులో పలకది.

మూడు మెరుపులు.

ఆమె వంగి చూసింది. నల్లటేపు నాలుగు పక్కలా బిగుతుగా ఉంది. ఎక్కడా ఊడలేదు. లోపల్నుంచి మాత్రం... గోటితో ఒలుస్తున్న చప్పుడు.

మల్లేశు గుమ్మం దాటి వానలోకి పరిగెత్తేడు. ప్రణతి కదల్లేదు. పలక ముందు మోకాళ్ల మీద కూచుని, ఇవతలి వైపు నుంచి తనూ ఒలవడం మొదలుపెట్టింది.