పెరట్లో కారుకు చోటు

"ఆ సిమెంట్ పని ఆపించాలండి మీరు."

మాట గోడ అవతలి నుంచి వచ్చింది. పెరట్లో కొలతలు చూసుకుంటున్న ఆమె తల తిప్పి చూసింది. పక్కింటి ఫ్రేముల షాపతను. షాపేమో ముందు వీధిలో ఉంది, పటాలకు ఫ్రేములు కట్టే గది వెనక, వీళ్ళ పెరటి గోడకు ఆనుకుని. ఇన్నేళ్ళలో ఎదురుపడితే ఓ నవ్వు, అంతే. మాట్లాడడం ఇదే మొదటిసారి.

"ఎందుకాపాలి?"

"మీ పెరడు మెరక, నా గది పల్లం. ఇన్నాళ్ళూ వాననీళ్ళు మట్టిలో ఇంకిపోయేవి. మొత్తం కాంక్రీట్ చేసేస్తే నేరుగా నా గదిలోకే. లోపల జనాల పటాలున్నాయి."

"పల్లంలో గది కట్టుకున్నది మీరు. అందుకని నా కారు వీధిలో పడుండాలా?"

"కారు గురించి నేనేమీ అనలేదండి."

"మీకు కారే లేదు. పార్కింగ్ బాధ మీకేం తెలుస్తుంది?"

అతను లోపలికి వెళ్ళిపోయాడు.

ఆమె డ్రైవింగ్ స్కూల్లో ఇన్‌స్ట్రక్టర్. ఊళ్ళో సగం మందికి రివర్స్ చేయడం నేర్పింది ఆమే. ఇంటికొస్తే మాత్రం తన కారుకే దిక్కులేదు. సాయంత్రమయ్యేసరికి వీధంతా కార్లతో నిండిపోయేది. ఖాళీ దొరికిన చోట, అది ఎంత దూరమైనా, కారు పెట్టి నడిచి రావాలి. తను నడవగలదు. నాన్న నడవలేడు.

ఆయన డ్రిల్లు మాస్టారు. రిటైరైనా అందరికీ ఆ పేరే. ఈల ఊది తరతరాల పిల్లల్ని పరిగెత్తించిన మనిషి, తుంటి ఆపరేషన్ తర్వాత చేతికర్రకు అలవాటు పడ్డాడు. పోయిన నెల హాస్పిటల్ నుంచి తిరిగొస్తూ, వీధి చివర కారు దిగి నడుస్తుంటే, వానకు కాలు జారి నడిరోడ్డు మీద కూలబడ్డాడు. చుట్టూ జనం చేరారు. ఆమె లేవదీసి ఇంటికి తీసుకొచ్చింది. ఆయన మళ్ళీ గడప దాటలేదు. "బయట నాకేం పనుందమ్మా?" అంటాడు, అంతే.

వెనక సందులోంచి కారు పెరట్లోకి వచ్చేస్తే ఆయన వంటింటి గుమ్మం ముందే దిగొచ్చు. ఈ సంగతి పక్కింటతనికి చెబితే సరిపోయేది. జాలి అడుక్కున్నట్టుంటుందని చెప్పలేదు.

మేస్త్రి వచ్చాడు. గడ్డి చెక్కించి, మట్టి చదును చేయించి, దిమ్మిసతో గట్టిగా కొట్టించాడు. ఇక కాంక్రీట్ పోయడమే తరువాయి అనగా వాన పట్టుకుంది. మొదట్లో మొహమాటంగా పడింది. తర్వాత కుండపోత.

ఆమె వంటింటి కిటికీలోంచి చూస్తోంది. గట్టిపడిన నేల చుక్క నీరు తాగడం లేదు. నీళ్ళన్నీ గోడవారకు చేరి, అడుగు రాళ్ళ సందుల్లోంచి అవతలికి జారుకుంటున్నాయి. గొడుగు అందుకుని అతని గదికి పరిగెత్తింది.

అతను ప్యాంటు మడిచి, నేల మీది పటాలు ఒక్కొక్కటే పైకి ఎత్తుతున్నాడు.

"ఎక్కడ పెట్టను?" అంది.

అతను ఒక్క క్షణం ఆమెను చూశాడు. "ఆ బల్ల మీద."

ఇద్దరూ పనిలో పడ్డారు. పెళ్ళిళ్ళు, పసిపిల్లలు, డిగ్రీ పట్టాలు, ఓ కుక్క.

"దీనికీ ఫ్రేమేనా?"

"దానికే అన్నిటికన్నా మంచి చెక్క. యజమాని స్వయంగా ఎంచుకున్నాడు."

ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వు మరో పటం చేతికొచ్చేసరికి ఆగిపోయింది. పాత కాలపు పెళ్ళికూతురి ఫొటో. అంచంతా తడిసింది.

"వాళ్ళతో నేనే మాట్లాడతాను. నా పెరటి నీళ్ళని చెప్తాను."

"అక్కర్లేదు. మొహం బాగానే ఉంది. అంచు ఎలాగూ ఫ్రేము కిందికి పోతుంది." మెత్తటి గుడ్డతో అద్దుతూ అన్నాడు.

"నన్ను తిట్టరా?"

"తిడదామనే అనుకున్నా. మీరు చెప్పులు కూడా లేకుండా వచ్చారు."

ఆమె కిందికి చూసుకుంది. నిజమే. అప్పుడు చెప్పింది, నాన్న పడిపోయిన సంగతి. అతను గుడ్డ పక్కన పెట్టి విన్నాడు.

"ముందే చెప్పొచ్చుగా."

"మీరు ముందే అడగొచ్చుగా."

మర్నాడు ఆమె మేస్త్రిని ఆపింది. "చక్రాలు నడిచే మేర రెండు సిమెంట్ పట్టీలు చాలు. నాన్న దిగే చోట రాతి పలకలు పరవండి. మిగతాదంతా మట్టే ఉండనివ్వండి. నీళ్ళు సందువైపు పోయేలా కాలవ తీయండి."

"అయ్యో మేడమ్, కంకరంతా తెప్పించేశాక చెప్తారా?" అని సణుగుతూనే పని చేశాడు.

సిమెంట్ ఆరింది. ఆమె కారును సందులోంచి తెచ్చి పెరట్లోకి తిప్పబోయింది. తిరగలేదు. పక్కింటి గోడ మూల అడ్డం. వెనక్కి, ముందుకి, మళ్ళీ వెనక్కి. బంపరు గీసుకుపోయింది. దిగి చూసేసరికి అతను అక్కడే ఉన్నాడు.

"ఎల్ బోర్డు తెచ్చి తగిలించనా?"

"నవ్వండి. అడ్డొచ్చింది మీ గోడే కదా."

"ఆ మూల కొట్టించేద్దాం."

ఆమె నమ్మలేనట్టు చూసింది. అతను గోడ మీది నాచు గోటితో గీకుతూ అన్నాడు. "ఒక మాట చెప్తాను. ఆ రోజు పని ఆపమన్నది ఒక్క నీళ్ళ కోసమే కాదు."

"మరి?"

"రోజూ సాయంత్రం చోటు కోసం మీరు వీధి చుట్టూ తిరుగుతారు. నా షాపు ముందు నుంచి రెండు మూడు సార్లు వెళ్తారు. వీధిలో ఎవరైనా కొత్తగా కారు కొంటే, మీకు ఇంకో చుట్టు తప్పదని నాకు సంతోషంగా ఉండేది. పెరట్లో పార్కింగ్ వచ్చాక ఇక ఈ సందులోంచే కదా మీ రాకపోకలు."

ఆమెకు కోపం రావాలి. రాలేదు. రోజంతటిలోకీ తను విసుక్కునే ఆ కాస్త సేపూ ఒకరు తన కోసం ఎదురు చూశారన్న మాట ఎక్కడో మెత్తగా తగిలింది.

"ఆ చుట్లు కొట్టేటప్పుడు వీధి వీధంతటినీ తిట్టుకునేదాన్ని."

"తెలుసు. పెదాలు కదిలేవి."

"మరైతే మూల ఎందుకు కొట్టించడం? కారు లోపలికి రాకపోతే మీకే లాభం."

"మాస్టారి సంగతి విన్నాక కూడానా?" గోటికంటిన నాచు దులుపుకున్నాడు. "అయినా ఇష్టముంటే మనిషిని అడగాలి గానీ, కారుకు చోటు దొరక్కూడదని కోరుకోవడమేంటండీ."

"అయితే అడగండి."

"ఇప్పుడు అడిగిందదే కదా."

ఆమె కారు వైపు తిరిగింది. డోరు తెరిచి కూర్చుని, అద్దంలో అతన్ని చూస్తూ, కావలసినదానికన్నా చాలా నెమ్మదిగా వెనక్కి పోనిచ్చింది.

మేస్త్రి మూల ఒక్కటే కొట్టబోయాడు. పాత గోడ, దెబ్బకు పని గది దాకా కూలిపోయింది.

ఆ ఆదివారం నాన్నను బతిమాలి కారెక్కించింది. ఊరంతా తిప్పింది. బడి మైదానం దగ్గర ఆపమన్నాడాయన. పిల్లలు పరిగెడుతుంటే అద్దం దించి చూస్తూ, "ఆ చివరివాడు చేతులు సరిగ్గా ఊపడం లేదు," అన్నాడు. వానలో పడ్డ నాటి నుంచి ఆయన గొంతులో వినపడని అధికారం అది.

తిరిగొచ్చాక కూతురి చెయ్యి వద్దని, కర్ర ఊనుకుంటూ తనే దిగాడు. పలకల మీద నడిచి గుమ్మం మెట్టు మీద కూర్చుని ఊపిరి తీసుకున్నాడు. అప్పుడు చూశాడు. కూలిన ఇటుకల అవతల ఫ్రేములతను, ఉరకడానికి సిద్ధంగా, ఒక కాలు ముందుకేసి నిలబడి ఉన్నాడు.

"ఏమయ్యా, అక్కడేం చేస్తున్నావు?"

"ఏం లేదు మాస్టారూ. పలకలు కొత్తవి కదా, జారతారేమోనని."

"నేను జారలేదు. మా అమ్మాయి చూపే అటు జారుతోంది." కూతురు తల దించుకుంది. ఆయన కర్రతో ఇటుకల కుప్ప చూపించాడు. "గోడ కూడా లేదు కదా. ఇంకా అవతలే ఉంటే ఎలా? ఇటు రా."

అతను ఇటుకలు దాటుకుని వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. కాస్త ఎడంగానే.

మాస్టారు ఇద్దర్నీ ఎగాదిగా చూశాడు.

"సరే," అన్నాడు. "రేపు నన్నెక్కడికి తీసుకెళ్తున్నారు మీరిద్దరూ?"