లేత మట్ట దాటని అన్నదమ్ములు

ఇమైమా గానుగ పాక ముందు కూర్చుని పామాయిల్ గెలల నుంచి పండ్లు వలుస్తోంది. ఇంకా మంచు విడలేదు. వాకిట్లో సైకిలు ఆగింది. డెబ్బై ఏళ్ల ఎకొంగ్ దిగి, ఎవరినీ పలకరించకుండా తిన్నగా పెండలం దుంపల పందిరి దగ్గరికి వెళ్ళాడు. ఉన్నవాటిలో పెద్ద దుంప తీసి సైకిలు వెనక కట్టుకున్నాడు. తర్వాత ఇమైమా పెంచుకుంటున్న ఎర్రకోడిని ఒడుపుగా పట్టి చంకన పెట్టుకున్నాడు.

"అత్తయ్యా! చూడండి, అడగనైనా అడగడే!" అని ఇమైమా అరిచింది.

అత్తగారు అరిత్ వంటపాకలోంచి నవ్వుతూ వచ్చింది. "అడిగితేనే తప్పమ్మా. వాడు ఈ ఇంటి అయెయిన్. మీ మావగారి అక్క కొడుకు. ఆడపడుచు బిడ్డకి తల్లి పుట్టింట్లో అడ్డేముంటుంది?"

"డెబ్బై ఏళ్ల బిడ్డా!"

"పళ్ళన్నీ ఊడినా బిడ్డే."

"కోడలుపిల్లా, నీ కోడికి కాళ్ళు మరీ సన్నం. ఇంకో దానికైనా గింజలు సరిగ్గా వెయ్యి, మళ్ళీ వస్తాగా," అన్నాడు ఎకొంగ్.

ఇమైమా మూతి ముడుచుకుంది. తండ్రి రైల్వే ఉద్యోగం వల్ల ఆమె ఎక్కడో ఉత్తరాన కడూనాలో పుట్టి పెరిగింది. తమవాళ్ళ ఇబిబియో భాష ఇంట్లో అబ్బింది గాని, పద్ధతులు అబ్బలేదు. ఈ ఊరి కోడలై నాలుగేళ్ళయినా ఇలాంటివి చూస్తే ఆమెకు ఒళ్ళు మండుతుంది.

అంతలోనే లారీ ఒకటి వచ్చి వాకిట్లో ఆగింది. ముందు సీట్లోంచి బావగారు అనియెకాన్ దిగాడు. ఉయో పట్నంలో పెద్ద కాంట్రాక్టరు. తండ్రిని మట్టి చేసి వెళ్ళాక, ఈ ఎనిమిది నెలల్లో అతను ఊరికి రావడం ఇదే మొదలు. వెనక నుంచి ఆరుగురు కూలీలు గునపాలతో దిగారు.

"ఇక్కడ మేడ కడుతున్నాను. ముందు ఆ పాక పీకెయ్యండి," అన్నాడు వాళ్ళతో.

ఇమైమా భర్త ఉకెమె చేతులకు అంటిన నూనె తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. "అన్నయ్యా, ఒక్కమాటైనా చెప్పకుండా ఏమిటిది? మేం తినే కూడు ఈ గానుగ మీదే కదా!"

"గానుగని ఆ వాగు పక్కన పెట్టుకో. పెద్దకొడుకుని, ఈ వాకిలి నాది."

"నాన్న తన చేత్తో నిలబెట్టిన పాక అన్నయ్యా!"

"నాన్న పేరెత్తకు! ఎవరెత్తినా నువ్వు మాత్రం ఎత్తకు!"

ఆ గొంతులో ఏముందో ఇమైమాకి అర్థం కాలేదు. ఓ కూలీ గునపం పాక గుంజకు తగిలింది. ఉకెమె చూరులోంచి మచ్చుకత్తి లాగాడు. అనియెకాన్ పక్కనున్న కూలీ చేతిలోంచి ఇంకో కత్తి గుంజుకున్నాడు. అరిత్ నెత్తిన చేతులు పెట్టుకుని కేకపెట్టింది. ఇద్దరూ బలిష్ఠులే, ఇద్దరి కళ్ళూ ఎర్రబడి ఉన్నాయి.

ఎకొంగ్ కోడిని కిందికి దించాడు. తాపీగా నడిచివచ్చి, ఇద్దరికీ నడుమ మట్టిలో బాసింపట్టు వేసుకు కూర్చున్నాడు. చొక్కా విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మా అమ్మ ఈ మట్టిలోనే పుట్టింది. అయెయిన్ నెత్తురు చిందితే ఈ ఇంటికి అరిష్టం. ముందు ఎవరు కొడతారో కొట్టండి. కాస్త తొందరగా కానివ్వండి, నడుం నొప్పిగా ఉంది."

కత్తులు రెండూ ఒకేసారి నేల మీద పడ్డాయి.

ఇమైమా కళ్ళప్పగించి చూసింది. ఉయోలో ఇంజనీర్లను సైతం నిలబెట్టి మాట్లాడే అనియెకాన్, ఇస్త్రీ ప్యాంటుతో రెండు మోకాళ్ళ మీదా కూలబడ్డాడు. "తప్పయింది బావా, తప్పయింది," అంటున్నాడు. ఉకెమె ఏకంగా నుదురు నేలకి ఆనించాడు. కూలీలు సైతం గునపాలు దించేశారు. ఊడిన పళ్ళతో, బక్క ఎముకలతో మట్టిలో కూర్చున్న ఆ ముసలాయన ఆమె కంటికి ఒక్కసారిగా కొండంతయ్యాడు.

ఎకొంగ్ లేచి, పసుపుపచ్చని లేత పామాయిల్ మట్ట ఒకటి కోయించి, పాక గుమ్మానికి అడ్డంగా కట్టాడు. "మీరిద్దరూ కలిసి నా ఇంటికి వచ్చి పిలిస్తేనే దీన్ని విప్పుతాను. అంతదాకా ఎవరూ దాటకూడదు." కోడిని వెతికి పట్టుకుని మరీ సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

లారీ వెనక్కి పోయింది. అనియెకాన్ మాత్రం పోలేదు. తల్లి గదిలో పడుకుంటున్నాడు. తమ్ముడితో మాట లేదు. మూడు రోజులకి వలిచిన పండ్లు పులిసి వాసన వేయడం మొదలైంది.

నాలుగోనాడు తెలవారుతూనే ఇమైమా చాకు పట్టుకుని పాక దగ్గరికి వెళ్ళింది. ఒక్క ఆకు. చిన్నపిల్లయినా తెంపుతుంది. చాకు ఎత్తింది గాని చెయ్యి ముందుకు పోలేదు. మట్టిలో కూర్చున్న ముసలాయన కళ్ళ ముందు మెదిలాడు.

"తెగదమ్మా," అన్న మాట వెనక నుంచి వినిపించింది. అనియెకాన్ వేపపుల్ల నములుతూ నిలబడి ఉన్నాడు. "మూడు రోజులుగా నేనూ వచ్చి చూసి పోతున్నాను."

"ఇంత భయం ఉన్నవాళ్ళు తోడబుట్టినవాడి మీద కత్తి ఎలా ఎత్తారు బావగారూ?"

అతను పాక గుమ్మం వైపు చూశాడు. "నాన్న ఈ పాకలోనే పోయాడు. ప్రాణం ఉండగా తమ్ముడు నాకు కబురు పెట్టలేదు. నేను వచ్చేసరికి ఒళ్ళు చల్లబడిపోయింది. ఈ పాక కనబడితే చాలు, నాకు కడుపు రగిలిపోతుంది."

"మావగారు మళ్ళీ లేస్తారనుకున్నారండీ మీ తమ్ముడు. ఆ పొద్దున ఆయన గానుగ కూడా తిప్పారు. మధ్యాహ్నానికి పడిపోయారు."

"నన్ను తలిచాడా?"

"లేదండీ, దేవుణ్ని తలిచారు. 'అనియెకాన్, అనియెకాన్' అన్నారు. నిన్ను మించినవాడు ఎవడు అని ప్రార్థిస్తున్నాడు, ఎంత పుణ్యాత్ముడో అన్నారు పాస్టరుగారు. మేమంతా కూడా..."

ఆమె అతని ముఖంలోకి చూసింది.

చిన్నప్పటి నుంచి వింటున్న మాటే అది. ఇబిబియోలో 'మించినవాడెవడు' అని అడగాలన్నా 'అనియెకాన్' అన్న మాటే, తన ఎదుట నిలబడ్డ మనిషిని పిలవాలన్నా అదే మాట. ఇబిబియో తల్లిదండ్రులు బిడ్డకి పేరు పెట్టరు, ఒక ప్రార్థనే పెడతారు. మావగారి చూపు ఆ వేళ పాస్టరు మీద లేదు, పైన చూరు మీదా లేదు. మాట అన్న ప్రతిసారీ, ఆగి, ఉయో నుంచి వచ్చే దారి వైపు చూశారు. ఎవరో జవాబు చెప్పాలన్నట్టు చూశారు.

ఆమె చాకు కింద పెట్టేసింది. "బావగారూ... ఆయన ప్రార్థన చెయ్యలేదండీ. మిమ్మల్ని పిలిచారు. మూడుసార్లు పిలిచారు. మాకే తెలియలేదు."

అనియెకాన్ నోట్లోంచి పుల్ల పడిపోయింది. పాక వైపు రెండడుగులు వేసి, మట్ట ముందు గోడకి గుద్దుకున్నట్టు ఆగాడు. గుమ్మం లోపల తండ్రి పడుకున్న చోటు కనబడుతోంది. చెయ్యి చాస్తే అందేంత దూరం. అతను దాటలేదు. వెనక్కి తిరిగి ఇంట్లోకి పరుగెత్తాడు.

"లేరా ఉకెమె! లే! ఎకొంగ్ బావ దగ్గరికి పోదాం పద!"

"ఏమైంది అన్నయ్యా?"

"దారిలో చెబుతాను, ముందు లే!"

అన్నదమ్ములిద్దరూ ఒకే మోటారుసైకిలు మీద వెళ్ళారు. తిరిగొచ్చేసరికి ఇద్దరి నడుమ ఎకొంగ్ కూర్చుని ఉన్నాడు. ముగ్గురి కళ్ళూ వాచి ఉన్నాయి. ఎకొంగ్ ఒక్కమాటా అడగకుండా ముడి విప్పి మట్ట తీసేశాడు.

అనియెకాన్ చెప్పులు విడిచి పాకలోకి వెళ్ళాడు. నూనె పీల్చి నల్లబడిన నేల మీద, ఉకెమె చూపించిన చోట కూర్చున్నాడు. మేడ మాట ఎవరూ ఎత్తలేదు. కాసేపటికి అతనే, "ఇమైమా, ఆయన ఎలా అన్నాడో అలాగే ఒక్కసారి అనమ్మా," అన్నాడు.

ఆమె గుమ్మం దగ్గర నిలబడి కళ్ళు మూసుకుంది. ఆ వేళ విన్నట్టే, చివర్న గొంతు కాస్త పైకి లేపి, మెల్లగా అంది.

"అనియెకాన్?"

యాభై ఏళ్ల మనిషి చంటిపిల్లాడిలా తల ఎత్తాడు.

"ఇక్కడే ఉన్నా నాన్నా," అన్నాడు. "వచ్చేశాను."